నూట పదిహేడో షీటు

దూలయ్య కాలేజీకి వచ్చిన రోజు ఇంటర్నల్ పరీక్షలు జరుగుతున్నాయి. బోటనీ ల్యాబు ముందు చెప్పులు విడిచి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పక్కన భార్య నాగక్క. అటెండరు వీరబాబు వాళ్లను రెండుసార్లు లేపి పంపాడు. రెండుసార్లూ గేటు దాకా పోయి మళ్లీ అక్కడికే వచ్చారు.

"మేడమ్, మీకోసం గుంపోళ్లు వచ్చిండ్రు," అన్నాడు వీరబాబు తలుపులోంచి తల పెట్టి. "పరీక్ష ఉంది, తర్వాత రాండ్రి అంటే, మేం గూడ పరీక్షకే వచ్చినం అంటున్నడు ముసలాయన."

బోటనీ లెక్చరరు ఉషారాణి బయటికి వచ్చింది. ఆమె దూలయ్యను చూసి ఆరేళ్లు దాటింది.

"గుర్తువట్టినవా అమ్మా?"

"రాళ్లచెలక గుంపు. దూలయ్య పెద్దయ్య."

దూలయ్య నాగక్క వైపు తిరిగాడు. "చెప్పలే? కాయితం రాసే మనిషి మర్చిపోదని."

"పేరు యాదికున్నది సరే. పని యాదికున్నదా అడుగు," అంది నాగక్క.

పని ఉషారాణికి గుర్తుంది. 2003 అక్టోబరులో ఆమె పీహెచ్‌డీ కోసం లైకోపోడియం జాతి మొక్కలు సేకరిస్తోంది. ఫెర్నుల కంటే ముందు నేల మీదికి వచ్చిన మొక్కలవి. పువ్వు లేదు, గింజ లేదు. జానెడు ఎత్తు పెరుగుతాయి. కొమ్మల చివర గోరంత శంకువులు కిందికి వేలాడతాయి, వాటిలోంచి పొడి రాలుతుంది. గుంపులో, అంటే అడవి మధ్య ఆ చిన్న పల్లెలో, దాన్ని నక్కతోక అనేవాళ్లు. పశువు ముట్టదు, మందుకు రాదు. అందుకని భద్రాచలం నుంచి ఒక ఆడమనిషి బస్సు దిగి, తొమ్మిది కిలోమీటర్లు నడిచి దానికోసం వచ్చిందంటే దూలయ్య మొదట నమ్మలేదు. "గిది తింటవా ఏందమ్మా?" అని అడిగాడు. తినను అంటే, "మరి అమ్ముతవా?" అన్నాడు. అమ్మను అంటే, ఇంక అడగడం మానేసి చోటు చూపించాడు.

చోటు, అడవి కొట్టి ఆయన చేసుకున్న పోడు చేను పై గట్టు. వాగుకు ఇరవై అడుగుల పైన. చేనులో జొన్న కంకి వేస్తోంది. గట్టు కోసిన చోట ఎర్రమట్టి తడిగా ఉంది. ఆ మట్టి మీద నక్కతోక బారెడు మేర పాకింది. ఉషారాణి వేళ్లతో సహా తవ్వి, మట్టి దులిపి, పాత పేపర్ల మధ్య పరిచి, రెండు చెక్కపలకల మధ్య పెట్టి పట్టీలు బిగించింది. కొమ్మకు దారంతో నంబరు చీటీ కట్టింది. 117. తరువాత రాతి మీద కూర్చుని నోట్‌బుక్కులో పెన్సిలుతో రాసుకుంది. వానలో ఇంకు కారిపోతుంది కాబట్టి ఫీల్డుకు పోయేవాళ్లు పెన్సిలే వాడతారు.

"ఏం రాసినవో సదువు," అన్నాడు దూలయ్య.

ఆమె చదివింది. "దూలయ్య పోడు, పై గట్టు. వాగుకు ఇరవై అడుగుల పైన. చేనులో జొన్న."

"మొక్క సంగతి రాసేటప్పుడు నా పేరెందుకు?"

"ఎక్కడ దొరికిందో రాయాలె పెద్దయ్యా. రేపు ఇంకెవరన్నా వెతుక్కుంట వస్తే ఇదే గట్టుకు రావాలె."

"ఎన్నాళ్లుంటది గీ కాయితం?"

"పురుగు పట్టకుండ చూస్తే రెండొందల ఏండ్లు."

రెండు రోజులు ఆమె వాళ్లింట్లోనే ఉంది. మర్నాడు ఆ పలకల ప్రెస్సు విప్పి, తడిసిన పేపర్లు తీసి పొడి పేపర్లు పెట్టింది. తడివి నాగక్క అడిగి తీసుకుంది. దూలయ్య మాత్రం రెండొందల ఏండ్ల మాట పట్టుకున్నాడు. గుంపులో పదకొండు ఇండ్లు. పదకొండు ఇండ్లకూ పోయి చెప్పివచ్చాడు.

ఇప్పుడు ఆ మాట పట్టుకునే వచ్చాడు.

"అడవి పట్టాలు ఇస్తున్నరు కదమ్మా. రెండువేల ఐదు, డిసెంబరు పదమూడుకు ముందు సాగు చేసినోళ్లకు. మేం పదకొండు మందిమి దరఖాస్తు వెట్టినం. గుంపు మ్యాపుల లేదంటున్నరు. రేషను కార్డులు కిందూరి పేరు మీద ఉన్నయ్. పెద్దమనుషులతోటి చెప్పిద్దామంటే, ఆ పెద్దమనుషులంతా పట్టా అడిగేటోళ్లే కదా అంటున్నరు. బయటి మనిషి రాసిన కాయితం ఒక్కటుంటే సాలంట. తేదీ ఉండాలె, ముద్ర ఉండాలె." ఒక్క వేలు పైకెత్తి చూపించాడు. "ఒక్కటే. పదకొండు ఇండ్లకు అదే సాలంట."

ఉషారాణికి ఈ లెక్క తెలుసు. కుసుమంచి దగ్గరి తండాలో ఆమె తండ్రి హాతీరాంకు అంతకు ముందు ఏడాదే పట్టా వచ్చింది. అడవి కొట్టినందుకు 1987లో కోర్టు నుంచి వచ్చిన సమన్ల కాగితం ఆయన బిస్కెట్ల డబ్బాలో దాచిపెట్టాడు. జైల్లో పెడతామన్న కాగితమే భూమి ఇప్పించింది. తండాలో ఆ సంగతి చెప్పుకుని నవ్వుకున్నారు.

"మీ తండాలోళ్లకు వచ్చినయంట కదా," అంది నాగక్క, ఆమె మనసులోది విన్నట్టు. "మీ దగ్గర కాయితాలుంటయ్ బిడ్డా. మా దగ్గర గట్లు ఉంటయ్."

ఉషారాణి వీరబాబును బీరువా తాళం తెమ్మంది.

ఎండిన మొక్కలు దాచే కాలేజీ హెర్బేరియం అంటే ల్యాబు వెనక గదిలో మూడు ఇనప బీరువాలు. తలుపు తీస్తే నాఫ్తలీను వాసన వచ్చింది. మొక్కల కుటుంబాల వరుసలో ఫోల్డర్లు ఉన్నాయి. నూట పదిహేడో షీటు పైనుంచి మూడోది. ఆమె దాన్ని రెండు చేతుల మీద తెచ్చి బల్ల మీద పెట్టింది. నక్కతోక గోధుమ రంగుకు తిరిగింది. ఆకులు రాలలేదు, శంకువులు వేలాడుతూనే ఉన్నాయి. దారంతో కుట్టిన చోట కాగితం కొంచెం ముడుచుకుంది. కింద కుడివైపు మూలన లేబులు, దాని మీద కాలేజీ ముద్ర.

"గిదే!" అన్నాడు దూలయ్య. వేలు మొక్కకు తగలనివ్వకుండా అంగుళం పైన ఆపాడు. "మా గట్టుది. చూస్తివా, సచ్చిపోయి గూడ గట్లనే ఉంది."

నాగక్క వంగి చూసింది. వీరబాబు కూడా చూశాడు.

"నా పేరేడుంది?"

ఉషారాణి లేబులు చదువుతోంది. ఇంగ్లీషులో ఉంది. రాసింది ఆమే. రిజర్వు ఫారెస్టు, కంపార్టుమెంటు నంబరు, తేదీ 19 అక్టోబరు 2003. సేకరించినవారు బి. ఉషారాణి. దొరికిన చోటు: వాగు ఒడ్డు. ఆ తరువాత మాటలకు తెలుగులో అర్థం, మనుషుల అలికిడి లేని అడవి.

లేబుళ్లు ఫీల్డులో రాయరు. మొక్క ఎండాక, షీటుకు కుట్టాక, ఊళ్లో కూర్చుని నోట్‌బుక్కు చూసి రాస్తారు. ఆ చలికాలం ఆమె నెట్ సెంటరులో కూర్చుని ఆ ఏటి మొక్కలకు నలభై మూడు లేబుళ్లు టైపు చేయించింది. చేయించే ముందు పీహెచ్‌డీ గైడుకు చూపించింది. ఆయన పెన్ను తీసుకుని 'పోడు' అన్న మాట ఎక్కడ ఉంటే అక్కడ కొట్టేశాడు. "ఫారెస్టు వాళ్ల పర్మిషను మీద తిరుగుతున్నావు. పోడుల్లో తిరిగానని రాస్తే వచ్చే ఏడు గేటు తీస్తారా? పైగా చేను గట్టు మీద దొరికిన మొక్కకు రీసెర్చి పేపర్లో విలువేముంటుంది? అన్నిటికీ ఒకే లైను పెట్టు," అన్నాడు. ఆమె ఒకే లైను పెట్టింది. టైపు చేసే అమ్మాయి మొదటి లేబులులోని ఆ లైనును మిగతా నలభై రెండింటికీ అతికించింది. అయిదు నిమిషాలు పట్టలేదు.

"నీ పేరు లేదు పెద్దయ్యా."

"మరి పుస్తకంల రాసుకున్నవు కదా. సదివి చెప్పినవు."

"పుస్తకం ఉంది. ఇందులో లేదు."

"ఇందుల ఏముంది?"

"అడవి అని ఉంది."

"అడవే కదా మరి."

"మనుషులు లేని అడవి అని ఉంది."

దూలయ్య షీటు వైపే చూస్తున్నాడు. మాట్లాడింది నాగక్క.

"మనుషులు లేకపోతే నీకు అంబలి పోసింది ఎవరు బిడ్డా?"

వీరబాబు గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, ఖాళీ లేబుళ్ల కట్ట డ్రాయర్‌లనే ఉంది. అదే అచ్చాఫీసుది. అదే కాయితం. తేదీ అప్పటిదే వేసి..."

ఆమెకు ఆ ఆలోచన అతనికంటే ముందే వచ్చింది. డ్రాయరు తెరిచే పని కూడా లేదు, సగం తెరిచే ఉంది. కానీ ఈ మొక్కదే ఇంకొక కొమ్మ అదే లేబులుతో హైదరాబాదులో ఒక హెర్బేరియంలో ఉంది. థీసిస్ కాపీ ఒకటి ఫారెస్టు ఆఫీసులో ఉంది. పర్మిషను షరతు ప్రకారం ఆమే తీసుకుపోయి ఇచ్చింది. ఇక్కడ లేబులు మారిస్తే పట్టుకోవడానికి ఒక పూట చాలు. పట్టుకున్నాక పదకొండు దరఖాస్తులూ దొంగ కాయితం దరఖాస్తులవుతాయి.

"దొంగది వద్దు తమ్మీ," అన్నాడు దూలయ్య వీరబాబుతో. "నిజంది ఉన్నది కదా, పుస్తకంల. అదే తీసుకపోదాం. నువ్వొచ్చి చెప్తవు కదమ్మా?"

"వస్తా," అంది ఉషారాణి.

విచారణ ఆ పై బుధవారం. పట్టా దరఖాస్తులు చూసే ఆఫీసులో బల్ల అవతల ముగ్గురు కూర్చున్నారు. ఇవతల కుర్చీలు రెండు. ఒకదానిలో ఉషారాణి కూర్చుంది, రెండోదాని మీద షీటు ఉన్న అట్ట పెట్టింది. దూలయ్య, నాగక్క గోడ పక్కన నిలబడ్డారు. మిగతా పది ఇండ్లవాళ్లు బయట వరండాలో ఉన్నారు.

మధ్యలో కూర్చున్న అధికారి షీటును తన వైపు తిప్పుకున్నాడు. లేబులు చదివాడు. పక్కనున్న థీసిస్ తెరిచాడు. అందులో పేజీకి గుర్తుగా చీటీ పెట్టి ఉంది. అంటే దాన్ని ముందే చదివారు.

"ఇది మీరు రాసిందేనా మేడమ్?"

"నేనే రాశాను. అది తప్పు."

ఆమె నోట్‌బుక్కు తీసి ముందు పెట్టింది. "ఇది ఆ రోజు అక్కడ కూర్చుని రాసింది."

అధికారి పేజీ మీద బొటనవేలు రుద్దాడు. వేలికి బూడిద రంగు అంటింది.

"పెన్సిలు."

"వానకు ఇంకు ఆగదు సార్. ఫీల్డులో అందరం పెన్సిలే వాడతాం."

"ఇప్పుడు నేను రాసినా ఇట్లనే ఉంటది కదమ్మా."

"వరుస చూడండి. 116, 117, 118. మధ్యలో ఇరికించడానికి చోటు లేదు."

ఆయన చూశాడు. వెనక్కి నాలుగు పేజీలు, ముందుకు నాలుగు పేజీలు తిప్పాడు. "నంబరుకు చోటు లేదు. నంబరు పక్కన ఒక పేరు రాయడానికి ఎంత చోటు కావాలె?"

ఉషారాణి షీటు మీద మొక్కను చూపించింది. "సార్, మొక్కనే అడగండి. ఇది నీడలో పెరగదు. గట్టు కోసి, ఎండ తగిలి, మట్టి తడిగా ఉన్న చోటే వస్తుంది. చెట్లు కమ్మిన చోట ఇది బతకదు. అక్కడ ఇంత బాగా పెరిగిందంటే, ఎవరో చెట్టు కొట్టారు, గట్టు కోశారు."

"వాగు కోయదా గట్టును?"

కోస్తుంది. వాగు కోసిన గట్టు మీద కూడా ఇది పెరుగుతుంది. థీసిస్‌లో ఆమే రాసింది.

అప్పుడు నాగక్క ముందుకు వచ్చింది. కొంగులోంచి మడత పెట్టిన పేపరు తీసి బల్ల మీద పరిచింది. వెనక వైపు మట్టి అంటుకుని ఉంది. గోడ నుంచి ఊడదీసేటప్పుడు ఒక మూల చిరిగింది. పేపరు మధ్యలో గోధుమ రంగు మరక, కొమ్మలతో సహా. పైన తేదీ 2003 అక్టోబరుది.

"తడి కాయితాలు నేనడిగి తీసుకున్న. అట్లనే గోడకు అతికిచ్చిన. ఇగో, దీని అచ్చు." మరకను, షీటు మీది మొక్కను ఒకదాని తరువాత ఒకటి వేలితో చూపించింది.

పక్కనున్న గుమాస్తా లేచి చూశాడు. అధికారి కూడా చూశాడు. ఎక్కువసేపే చూశాడు.

"పేపరు తేదీ పేపరుకే అవ్వా. గోడకు తేదీ ఉండదు."

"గోడ ఉంది సారూ. వచ్చి సూడు."

"ఇప్పుడు ఉంది. నేను కాదనను. అప్పుడు ఉన్నదా అనేదే సంగతి."

ఆయన మాట పెంచలేదు. వెటకారం కూడా చేయలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి ఉషారాణి వైపు తిరిగాడు.

"మేడమ్, ఒకటి చెప్పండి. ఈ రెండింట్ల అబద్ధం ఏది?"

"లేబులు."

"థీసిస్?"

"అదీ."

"నలభై మూడూనా?"

"పోడు పక్కన దొరికినవి ఆరు. మిగతావి అడవిలోవే."

"ఆ ఆరూ ఏవి?"

"నోట్‌బుక్కులో ఉన్నాయి."

"పెన్సిలు నోట్‌బుక్కుల." ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "అప్పుడు డిగ్రీ కోసం అబద్ధం రాసిన అంటున్నరు. ఇయ్యాల వీళ్ల కోసం నిజం చెప్తున్న అంటున్నరు. నేను నమ్మొచ్చు. మీ ముఖం చూస్తే నమ్మబుద్ధయితది. కానీ పై ఆఫీసుకు ఏమని రాయాలె? ముద్ర ఉన్న కాయితం పక్కకు పెట్టి, ముద్ర లేని దాన్ని నమ్మిన అని రాయాలెనా? రాసిన మనిషే ఒకసారి అబద్ధం రాసిన అని ఒప్పుకున్నంక?"

ఆమె చెప్పింది రాసుకున్నారు. సంతకం చేయమన్నారు. చేసింది. ఒక కాపీ కాలేజీకి పోతుందని గుమాస్తా చెప్పాడు. నాగక్క పేపరును ఎట్లా ఉన్న మడత అట్లా పెట్టుకుంది.

బయట వరండాలో జంపయ్య అనే ఆయన లేచి నిలబడ్డాడు. "ఏమన్నరు?"

"అమ్మ నిజం చెప్పింది," అన్నాడు దూలయ్య. జంపయ్య మళ్లీ కూర్చున్నాడు.

తిరస్కరించినట్టు నోటీసులు రెండు నెలలకు వచ్చాయి. పదకొండిటిలోనూ కారణం ఒకటే. నిర్ణీత తేదీకి ముందు సాగులో ఉన్నట్టు ఆధారం లేదు. ఆ కింద జతపరిచిన పత్రాల పట్టికలో ఆమె థీసిస్ పేరు, పేజీ నంబరు ఉన్నాయి. అప్పీలుకు అరవై రోజులు గడువు. ఆ అరవై రోజుల్లో ఉషారాణి రెండు అర్జీలు రాసింది, ఒక వకీలును కలిసింది. వకీలు షీటు జిరాక్సు చూసి, "అవతలివాళ్లకు మీకంటే మంచి సాక్షి దొరకదు," అన్నాడు. కాలేజీ నుంచి ఆమెకు సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. జరిగింది జరిగినట్టు రాసి ఇచ్చింది.

మరుసటి ఏడు తొలకరి తరువాత ఒక ఆదివారం ఆమె రాళ్లచెలక గుంపుకు పోయింది. బస్సు దిగి తొమ్మిది కిలోమీటర్లు నడిచింది. పోడు చుట్టూ ఫారెస్టు వాళ్లు కందకం తవ్వించారు. పై గట్టు మీదుగానే తవ్వారు. తవ్విన మట్టి వాగు వైపు పోశారు. ఆమె ఆ మట్టి వెంట ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు నడిచింది. వంగి చూసింది. నక్కతోక లేదు.

చేనులో సున్నంతో వరుసగా గుర్తులు వేసి ఉన్నాయి. టేకు మొక్కలు పెట్టడానికి గుంతలు తీస్తున్నారు. తీసేవాళ్లలో జంపయ్య ఉన్నాడు, నాగక్క ఉంది. దూలయ్య గడ్డపార దింపి ఆమె దగ్గరికి వచ్చాడు.

"కూలికా పెద్దయ్యా?"

"కూలికే. మా చేన్లనే." చెమట తుడుచుకున్నాడు. "ఈడ రాయి ఎక్కడుందో మాకు తెలుసు కదా. జల్దీ అయితదని మమ్మల్నే పిలిచిండ్రు."

నాగక్క దూరం నుంచే అడిగింది. "మళ్ల నక్కతోక కోసం వచ్చినవా బిడ్డా?"

"లేదు."

"వచ్చినా ఇగ దొరకదు. టేకు పెరిగితే నీడ పడతది," అంది నాగక్క. మళ్లీ వంగింది.

ఉషారాణి దూలయ్యతో చెప్పింది. "షీటు మీద చీటీ అతికించిన. దూలయ్య పోడు, పై గట్టు, చేనులో జొన్న అని. పాత లేబులు తప్పు అని. నా సంతకం పెట్టిన."

"తేదీ?"

"ఇప్పటిది."

దూలయ్య తల ఊపాడు. "పాతది పీకేసినవా?"

"పీకొద్దు. రూలు. పాత లేబులు ఎవ్వరూ తీయొద్దు. కొత్తది పక్కన అతికించాలె."

"అయితే రెండూ ఉంటయ్."

"అవ్."

"రెండొందల ఏండ్లు."

"పురుగు పట్టకపోతే."

గుంతల దగ్గర నుంచి మేస్త్రీ ఆయన్ను పేరు పెట్టి పిలిచాడు. దూలయ్య గడ్డపార అందుకుని పక్క గుర్తు దగ్గరికి పోయాడు.